కూలి పెరిగితే మాంద్యం వస్తుందా? మా మావయ్యతో తెగని వాదన

కోనసీమ కుర్రాడు (చర్చ మొదలుపెట్టినవారు)

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా మావయ్యకీ నాకూ అరుగు మీద మొదలైన వాదన విస్తరి ముందు కూర్చున్నాక కూడా ఆగలేదు. చివరికి అత్తయ్య "పప్పు చల్లారిపోతోంది, ఇక చాలు" అని గదిమితే ఆపాం. తేలలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

మావయ్య మాట ఇది. 2011 సార్వాకి (ఖరీఫ్‌కి) మా కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు కదా. కాలవల్లో నీళ్ళున్నాయి, అయినా వేల ఎకరాలు ఊడ్పులు లేకుండా ఖాళీగా ఉండిపోయాయి. ఎందుకంటే "కూలీలు లేరు, ఉన్నవాళ్ళు అడిగిన రేటు ఇస్తే రైతుకి గింజ మిగలదు" అంటాడు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైన రోజే గోదావరి జిల్లాల వ్యవసాయానికి గ్రహణం పట్టిందని ఆయన లెక్క. అక్కడితో ఆగితే బాగుండేది. "దేశానికైనా ఇదేరా. పనివాడు దొరకడు. దొరికినవాడికి అడిగినంత ఇవ్వాలి. ఇస్తే యజమానికి మిగలదు. మిగలనివాడు మళ్ళీ పెట్టుబడి పెట్టడు. అందరూ అలా చేతులు ముడుచుకు కూర్చుంటే దాన్నే మీ పేపర్లవాళ్ళు మాంద్యం అంటారు."

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునేవాణ్ణి, గట్టు మీద నడిస్తే జారిపడే రకం. ఆయనకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నిజానికి సగం ఒప్పుకున్నాను కూడా. ఒక ప్రాంతంలో జరిగింది దేశంలో ఎందుకు జరగకూడదు?

కూలీల కొరత, కూలి రేట్లు పెరగడం ఆర్థిక వ్యవస్థని కిందికి లాగుతాయా? పార్టీల గొడవ లేకుండా మాట్లాడుకుందాం.

సూర్యాపేట సాయి

మీ మావయ్య చెప్పింది కరెక్ట్. యాసంగి నాట్లకి మా దగ్గర ఊళ్ళో మనుషులు చాలడం లేదు. బీహార్, బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి, ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకోవాలి. మేస్త్రీ ఫోన్ ఎత్తితే అదే పండగ. వాళ్ళు వారం ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది, ముదిరిన నారు నాటితే పిలకలు తక్కువ. కొరత అంటే రేటు ఒక్కటే కాదు అన్నా, అదను తప్పడం కూడా.

ఈ బాధ పడలేక మా బాబాయి మూడెకరాల వరి తీసేసి ఆయిల్ పామ్ పెట్టాడు. ఆ మూడెకరాల్లో ఇప్పుడు నాట్లు లేవు, కలుపు లేదు, కోత లేదు. కూలి పెరిగింది, పని పోయింది. దీన్ని ఊరంతటికీ, దేశమంతటికీ గుణించుకోండి.

ఊడ్పులామె కూతురు

మా అమ్మ ముప్పై ఏళ్ళు ఊడ్పులకి వెళ్ళింది. 2011లో నేను పదో తరగతి. పంట విరామం అని పేపర్లలో రైతుల ఫొటోలు వచ్చాయి, మంచిదే. ఆ సార్వాలో మా అమ్మ ఎన్ని రోజులు ఇంట్లో కూర్చుందో ఎవరూ రాయలేదు. కూలీలకి కొరత ఉన్న ఊళ్ళో కూలి మనిషికి పని లేకపోవడం ఏమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

తర్వాత అర్థమైంది. ఊడ్పుల రెండు వారాలు, కోతల రెండు వారాలు అందరికీ ఒకేసారి మనుషులు కావాలి. ఆ రోజుల్లో "దొరకడం లేదు" అంటారు. మిగతా రోజుల్లో మేం ఏం తింటామో ఎవరికీ అక్కర్లేదు. అందుకే మా పేటలో మగవాళ్ళు హైదరాబాద్ అపార్టుమెంట్ల పనికి పోయారు, ముగ్గురు ఆడవాళ్ళు కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళారు. ఊరు ఏడాది పొడవునా పని ఇచ్చి ఉంటే ఎవరు వెళ్తారండీ పిల్లల్ని వదిలి?

ఉపాధి హామీ గురించి. 2011లో మన రాష్ట్రంలో దాని రోజు కూలి 121 రూపాయలు. అదీ మట్టి కొలతల ప్రకారం, చాలా వారాలు అంత కూడా పడేది కాదు. అప్పట్లో ఏడాదికి ఇంటికి వంద రోజులు దాటేది కాదు. ఆ 121కే వ్యవసాయం కూలిపోయిందంటే, అంతకుముందు మా అమ్మావాళ్ళకి ఎంత ఇచ్చేవారో మావయ్యగారినే అడగండి.

లెక్కల మాస్టారు

ఇద్దరూ నిజమే చెబుతున్నారు కానీ లెక్క వేయడం లేదు. రిటైరైనా అలవాటు పోలేదు, ఓపిక పట్టండి. కింద ఉన్నవి ఉదాహరణకి వేసుకున్న అంకెలు, మీ ఊరి రేట్లు వేరైతే మార్చుకోండి. మద్దతు ధర మాత్రం అసలుదే.

ఎకరానికి 25 బస్తాలు పండాయనుకుందాం. బస్తా 75 కిలోలు, అంటే 18.75 క్వింటాళ్ళు. 2011-12లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటా 1,080. మొత్తం 20,250 రూపాయలు. ఇందులో కౌలు 12 బస్తాలు, అంటే 9,720. కౌలు రైతుకి మిగిలేది 10,530. ఊడ్పుల నుంచి నూర్పిడి దాకా 35 మంది కూలీలు పడతారనుకుందాం. కూలి 150 అయితే ఖర్చు 5,250. కూలి 250కి చేరితే 8,750. ఎరువులకి, దుక్కికి, పురుగుమందుకి, అప్పు మీద వడ్డీకి మొదటి లెక్కలో 5,280 మిగులుతుంది, రెండో లెక్కలో 1,780. ఈ 1,780 నమ్ముకుని ఎవడు దిగుతాడు పొలంలోకి? ఇక్కడిదాకా మావయ్యగారే గెలిచారు.

ఇప్పుడు కాగితం రెండోవైపు తిప్పండి. కూలి ఖర్చు పెరిగింది 3,500. అది కౌలు రైతు తన 9.75 క్వింటాళ్ళ మీద రాబట్టుకోవాలంటే ధర క్వింటాకి 359 పెరగాలి. ఆ ఏడాది మద్దతు ధర 1,000 నుంచి 1,080 అయింది, అంటే పెరిగింది 80. పోనీ, కౌలు 12 బస్తాల నుంచి 8కి దిగితే 3,240 కలిసొస్తుంది, దాదాపు గట్టెక్కినట్టే. కౌలు దిగలేదు. ఎరువులు చూద్దామా? 2010 ఏప్రిల్‌లో సబ్సిడీ పద్ధతి మార్చాక డీఏపీ, పొటాష్ ధరలు ఎగబాకాయి. ఇక అమ్మకం. బాస్మతి కాని బియ్యం ఎగుమతిని కేంద్రం 2008 ఏప్రిల్‌లో నిషేధించింది. గోడౌన్లు నిండిపోయాయి, మిల్లర్లు కొనడానికి వెనకాడారు, మద్దతు ధర కూడా చాలామంది చేతికి అందలేదు. నిషేధం ఎత్తేసింది 2011 సెప్టెంబర్‌లో. ఊడ్పుల అదను దాటిపోయాక!

ధర ఢిల్లీలో తేలుతుంది. ఎగుమతి ఢిల్లీలో తేలుతుంది. ఎరువు రేటు కంపెనీ వేస్తుంది. పొలం ఆసామి తరచూ చుట్టమో, ఊరి పెద్దో అయి ఉంటాడు. రైతుతో గట్టు మీద నిలబడి బేరం ఆడేది కూలి మనిషి ఒక్కతే. అందుకని తిట్టు ఆవిడకే తగులుతుంది. పంట విరామం మీద ప్రభుత్వం అప్పుడు మోహన్ కందా కమిటీ వేసింది. రైతుల డిమాండ్లలో ఉపాధి హామీని పొలం పనులతో కలపమన్నది ఒకటి. దాంతోపాటు గిట్టుబాటు ధర, ఎగుమతులు, మురుగు కాలవల బాగు కూడా ఉన్నాయి. మనకి గుర్తున్నది మాత్రం మొదటిదే.

కోనసీమ కుర్రాడు

మాస్టారూ, కౌలు దగ్గర దొరికిపోయాను. మావయ్యకి పదెకరాలుంటే ఆరు కౌలుకే ఇస్తాడు. వాదనలో ఆ ఊసే ఎత్తలేదు, మహానుభావుడు.

సరే, రైతు ధర నిర్ణయించలేడు కాబట్టి నలిగిపోయాడు. మరి ధర తనే వేసుకునే కంపెనీలు, హోటళ్ళు, ఫ్యాక్టరీలు ఉన్న దేశం సంగతేంటి?

డల్లాస్ దోసె

ఇది నా సబ్జెక్టు. డల్లాస్ పక్కన ఒక చిన్న రెస్టారెంట్‌లో నేనూ ఒక పార్ట్‌నర్‌ని. 2021లో గిన్నెలు కడిగే కుర్రాడు, పక్కనే గోడౌన్‌లో గంటకి ఎక్కువ ఇస్తున్నారని ఒక శుక్రవారం సాయంత్రం చెప్పకుండా వెళ్ళిపోయాడు. శుక్రవారం సాయంత్రం! తర్వాత రెండు నెలలు నేనే కడిగాను. ఎంబీఏ పట్టా గోడకి వేలాడుతూ చూస్తూనే ఉంది.

నాకొక్కడికే కాదు. 2021 నవంబర్‌లో అమెరికాలో ఒక్క నెలలోనే 45 లక్షల మంది తమంతట తాము ఉద్యోగాలు మానేశారు. 2022 మార్చికి ఖాళీ ఉద్యోగాలు 1.2 కోట్లు, పని వెతుక్కునేవాళ్ళు 60 లక్షల దగ్గర. మనిషికి రెండు ఉద్యోగాలన్నమాట. మేం జీతాలు పెంచాం, మసాలా దోసె రేటూ పెంచాం. మావయ్యగారి సూత్రం ప్రకారం మేం మూసేయాలి. మూసేయలేదు, ఎందుకంటే తినడానికి వచ్చేవాళ్ళ జీతాలు కూడా పెరిగాయి.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. మా అప్పు మీద వడ్డీ మారుతూ ఉండే రకం. 2022 మార్చిలో సున్నా దగ్గరున్న ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) వడ్డీ 2023 జూలైకి 5.25-5.5 శాతానికి చేరింది. వంటవాడి జీతం పెంచినప్పుడు దోసె రేటు పెంచి సర్దుకున్నాను. కిస్తీ పెరిగితే దేని రేటు పెంచాలి?

ద్రవ్యోల్బణం 2022 జూన్‌లో 9.1 శాతం ఉన్నప్పుడు, దాన్ని దించాలంటే నిరుద్యోగం ఏళ్ళ తరబడి 5 శాతం పైన ఉండాలని, లేదా ఒక ఏడాది 10 శాతానికి పోవాలని లారీ సమ్మర్స్ లాంటి పెద్ద ఆర్థికవేత్తలు చెప్పారు. ఏడాది తిరిగేసరికి ద్రవ్యోల్బణం 3 శాతానికి దిగింది. నిరుద్యోగం 3.6 శాతం దగ్గరే ఉంది. వస్తుందన్న మాంద్యం రాలేదు.

ఆర్థికవేత్తలు బెర్నాంకీ, బ్లాంచార్డ్ కలిసి 2023లో దీన్ని విడదీసి చూశారు. మొదట్లో ధరలు లేపింది ఎక్కువగా ఇంధనం, తిండి, సరుకుల కొరత అని తేల్చారు. పనివాళ్ళ కొరత వాటా మొదట్లో చిన్నదే. అయితే సాయి గారి తరఫున కూడా ఒక మాట చెప్పాలి. పనివాళ్ళ కొరతతో వచ్చే ధరల పెరుగుదల చిన్నదైనా మొండిది, త్వరగా వదలదు అని కూడా వాళ్ళే అన్నారు.

సూర్యాపేట సాయి

థాంక్స్ అన్నా. కానీ ఒకసారి రాలేదని ఎప్పుడూ రాదంటే ఎలా? నేనూ ఎం.ఏ. ఎకనామిక్స్ చదివినవాణ్ణే. ఊళ్ళో నాట్లు వేయిస్తున్నానని మావయ్య బ్యాచ్‌లో కలిపేయకండి.

1968-69లో అమెరికా నిరుద్యోగం 3.4 శాతానికి పడిపోయింది. పనివాళ్ళకి గిరాకీ, కూలి పెరిగింది, కంపెనీల లాభాలు సన్నబడ్డాయి, 1969 డిసెంబర్‌లో మాంద్యం మొదలైంది. దీన్ని 1967లోనే ఆర్థికవేత్త రిచర్డ్ గుడ్విన్ చేపల లెక్కతో చెప్పాడు. చెరువులో చిన్న చేపలు పెరిగితే వాటిని తినే పెద్ద చేపలు పెరుగుతాయి. పెద్దవి మరీ పెరిగితే చిన్నవి తరిగిపోతాయి. తిండి లేక పెద్దవీ తగ్గుతాయి, మళ్ళీ చిన్నవి పెరుగుతాయి. ఉద్యోగాలు చిన్న చేపలు, రాబడిలో కూలివాటా పెద్ద చేపలు. కూలివాటా పెరిగి లాభాన్ని తినేస్తే పెట్టుబడి ఆగుతుంది, ఉద్యోగాలు పోతాయి, కూలి తగ్గుతుంది, మళ్ళీ మొదలు.

ఉక్కునగరం పెద్దాయన వస్తారని తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను. సంక్షోభానికి ముందు కాలంలో కూలి పెరుగుతుందని మార్క్స్ కూడా రాశాడు.

ఉక్కునగరం

వచ్చాను. నలభై ఏళ్ళు యూనియన్ మీటింగుల్లో ఉన్నాను కానీ కూలివాణ్ణి పెద్ద చేప అనడం ఇదే వినడం. మా కొలిమి దగ్గర పనిచేసినవాళ్ళు వింటే సంతోషిస్తారు.

మార్క్స్ రాశాడు, కాదనను. కానీ ఎవరికి జవాబుగా రాశాడు? కార్మికుల దగ్గర కొనే డబ్బు లేకే సంక్షోభం వస్తుంది అనేవాళ్ళకి, "మరి సంక్షోభానికి ముందు కూలి పెరుగుతుంది కదా, మీ మాట నిజమైతే అప్పుడు రాకూడదు కదా" అన్నాడు. కూలి పెరగడమే కారణం అనలేదు. పెట్టుబడి వేగం ముందు నడుస్తుంది, కూలి దాని వెనక నడుస్తుంది అన్నదే ఆయన మాట. బండినీ ఎద్దునీ తారుమారు చేయకు తమ్ముడూ.

1969 తర్వాత కథ కూడా పూర్తిగా చెప్పు. 1973లో చమురు పీపా ధర మూడు డాలర్ల చిల్లర నుంచి పన్నెండు దగ్గరికి ఎగిరింది. అది ఏ కార్మికుడూ అడిగిన కూలి కాదు. 1979 ఆగస్టులో పాల్ వోల్కర్ ఫెడ్ ఛైర్మన్ అయ్యాడు. ధరలు దించడానికని వడ్డీని 20 శాతం దాకా తీసుకెళ్ళాడు. ఇళ్ళు కట్టేవాళ్ళు ఇక కట్టలేక, మిగిలిన చెక్క ముక్కల్ని నిరసనగా పోస్టులో ఆయనకే పంపారు. 1981 ఆగస్టులో సమ్మె చేసిన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను 11,000 మందికి పైగా ప్రెసిడెంట్ రీగన్ ఉద్యోగాల్లోంచి తీసేశాడు. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతం. ఈ మాంద్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు. గదిలో కూర్చున్న కొందరు నిర్ణయించారు.

పోలాండ్ ఆర్థికవేత్త మిహావ్ కలెస్కీ 1943లోనే చెప్పాడు. అందరికీ పని దొరికితే అమ్మకాలు పెరుగుతాయి, లాభాలూ పెరుగుతాయి. అయినా యజమానులకి అది నచ్చదు. పని పోతుందన్న భయం లేకపోతే కార్మికుడు మాట వినడని. సాయీ, మీ బాబాయికి బీహార్ ముఠా మీద కోపం రేటు గురించా, మేస్త్రీ ఫోన్ ఎత్తకపోవడం గురించా? ఆలోచించు.

సూర్యాపేట సాయి

రెండూ, పెద్దాయనా. దాచేదేముంది.

కానీ ఒకటి. జ్వరం వచ్చింది. డాక్టర్ మందు ఇచ్చాడు. మందుకి నీరసం వచ్చింది. "నీరసానికి కారణం డాక్టరే, జ్వరానికేం సంబంధం లేదు" అంటారా? కూలి, ధరలు ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉండకపోతే వోల్కర్‌కి ఆ పని ఎందుకు?

మియాపూర్ సూపర్‌వైజర్

పెద్ద చదువుల మధ్య చిన్న మాట. కొరత వల్ల పని ఆగిందా, పని ఆగితే కొరత వచ్చిందా? 2020లో కళ్ళారా చూశాను. మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు, సైట్లు ఆగాయి, చాలాచోట్ల డబ్బులు ఆగాయి. మే 1న దేశంలో వలస కూలీల్ని ఇళ్ళకి చేర్చే మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకి బయల్దేరింది, పన్నెండు వందల మంది ఎక్కారు. తర్వాత సైట్లు తెరిచాక రాడ్‌బెండింగ్‌కి మనిషి లేడు, సెంట్రింగ్‌కి మనిషి లేడు. అప్పుడు బిల్డర్లందరూ "కొరత, కొరత" అన్నారు. కర్ణాటకలో అయితే బిల్డర్లు వెళ్ళి అడిగాక ప్రభుత్వం రైళ్ళే రద్దు చేసి, గొడవయ్యాక మళ్ళీ నడిపింది. పని పడిపోవడం ముందు, మనిషి పోవడం తర్వాత. మా దగ్గర వరస అది.

పచ్చినిజం77

ఉచితాలు ఇచ్చి జనాన్ని సోమరుల్ని చేశారు. అంతే. ఇంత పెద్ద పెద్ద పోస్టులు అవసరం లేదు.

నిర్వాహకులు

పచ్చినిజం గారూ, ఈ వాక్యం ఈ వేదికలో ఇప్పటికి చాలాసార్లు చూశాం. వాదన ఉంటే రాయండి, లేకపోతే చదవండి. మిగతావాళ్ళు కొనసాగించండి.

లెక్కల మాస్టారు

సాయి గారి జ్వరం పోలిక నాకు నచ్చింది. మంచి విద్యార్థి అడిగే ప్రశ్న. అయితే ఆ జ్వరం ఏ జ్వరమో చూడాలి కదా. మలేరియాకీ టైఫాయిడ్‌కీ ఒకే మందు వేయరు.

దీనికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది, అమెరికా దాకా పోనక్కర్లేదు. 2007-08 నుంచి 2012-13 దాకా పల్లెల్లో కూలి నిజంగా పెరిగింది. ధరల పెరుగుదల తీసేసి చూసినా పెరిగింది. మన చరిత్రలో అలాంటి కాలాలు ఎక్కువ లేవు. అదే కాలంలో ఆహార ధరలు మండాయి. అప్పుడు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ మన ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు. ఆహార ధరలకి గ్రామీణ కూలి కూడా ఒక కారణమని ఆయన అనేవారు. 2010 మార్చి నుంచి 2011 అక్టోబర్ దాకా రెపో రేటు (బ్యాంకులకి రిజర్వ్ బ్యాంక్ ఇచ్చే అప్పు మీద వడ్డీ) పదమూడుసార్లు పెంచారు, 4.75 నుంచి 8.5కి. 2010-11లో 8 శాతం పైన ఉన్న వృద్ధి 2012-13కి 5 శాతం దగ్గరికి జారింది. దీన్ని మాంద్యం అనలేం కానీ మందగమనం అనాలి. మావయ్యగారి సిద్ధాంతానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. నేనే వెతికి ఇస్తున్నాను.

కానీ సాక్షిని ప్రశ్నిద్దాం. అదే సమయంలో పీపా చమురు వంద డాలర్లు దాటింది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసింది. బొగ్గు, భూమి, అనుమతులు దొరక్క పెద్ద పెద్ద ప్రాజెక్టులు మధ్యలో ఆగాయి, వాటికిచ్చిన బ్యాంకు అప్పులు తర్వాత మొండి బాకీలయ్యాయి. వీటిలో ఏదీ ఊడ్పుల రేటు పెరిగి జరిగింది కాదు.

కూలి ఎందుకు పెరిగిందన్నది ఇంకో ప్రశ్న. 2013లో ఆర్థికవేత్త అశోక్ గులాటీ, ఆయన తోటివారు లెక్కగట్టి, ఉపాధి హామీ పాత్ర ఉన్నా, నిర్మాణ రంగం, మొత్తం వృద్ధి లాగిన లాగుడు దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ అన్నారు. అంటే ఊడ్పులామె కూతురు చెప్పిన హైదరాబాద్ అపార్టుమెంట్లే.

2014 తర్వాత పల్లె కూలి పెరుగుదల చతికిలబడింది. ధరలు తీసేస్తే దాదాపు ఏమీ లేదు. మావయ్యగారి సూత్రం నిజమైతే లాభాలు పెరిగి, పెట్టుబడులు పరుగెత్తాలి. 2019 ఆగస్టులో ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కూడా కదలడం లేదని పార్లే కంపెనీ మొత్తుకుంది. వాళ్ళు జీఎస్టీని తప్పుపట్టారనుకోండి. 2019-20లో, కరోనా దెబ్బ సరిగ్గా తగలకముందే, వృద్ధి 4 శాతం దగ్గరికి వచ్చింది. కూలి పెరిగినప్పుడూ మందగమనమే, పెరగనప్పుడూ మందగమనమే అయితే ఒక్క కూలినే దోషిగా నిలబెట్టడం కుదరదు. నా మాట ఇంతే. కూలి పెరిగితే ఎవరో ఒకరు ఆ ఖర్చు మోయాలి. ధర, కౌలు, వడ్డీ, లాభం, వీటిలో ఏదీ కదలకుండా బిగిసిపోతే పని ఆగిపోతుంది. కదలని వాటిని వదిలేసి కదిలినదాన్ని పట్టుకుంటున్నాం.

టోక్యో తెలుగోడు

మా దగ్గర తలకిందులు. ముసలివాళ్ళు ఎక్కువ, పనివాళ్ళు తక్కువ, అయినా మూడు దశాబ్దాలు జీతాలు కదల్లేదు, దేశమూ కదల్లేదు. 2024లో యూనియన్ల బేరంలో జీతాల పెంపు 5 శాతం దాటింది, 33 ఏళ్ళలో మొదటిసారి. సెంట్రల్ బ్యాంక్ కంగారు పడలేదు. ఎదురుచూసినది ఇదేనన్నట్టు అదే మార్చిలో మైనస్ వడ్డీకి స్వస్తి చెప్పింది. సాయి గారి డాక్టర్ ఇక్కడికి వస్తే జ్వరం లేకపోవడమే జబ్బు అని రాసిస్తాడు.

సూర్యాపేట సాయి

మాస్టారూ, కౌలు, వడ్డీ కదలవన్నది ఒప్పుకుంటాను. కానీ అవి కదలవు కాబట్టే కూలి పెరుగుదల దెబ్బ కొడుతుంది. తుపాకీలో మందు ముందే ఉందనండి, నిప్పు పెట్టింది మాత్రం కూలే. నేను ఇంతకంటే వెనక్కి తగ్గను. జపాన్ గురించి చదివి చెబుతా.

ఊడ్పులామె కూతురు

సాయి గారూ, మీ బాబాయిగారి ఆయిల్ పామ్ మాట అడగాలనుకున్నాను. మొక్కలకీ, డ్రిప్‌కీ సబ్సిడీ ఇస్తున్నారు కదా. అది లేకపోయినా వరి తీసేసేవారా? కూలి ఒక్కటే కారణమైతే సబ్సిడీ ఎందుకు?

ఇంకోటి. మా దగ్గర వరికోత మిషన్లు వచ్చాక కోతల పని దాదాపు పోయింది. మా అమ్మ రోజు కూలి పెరిగిన మాట నిజం. పనిరోజులు తగ్గిన మాట కూడా నిజం. "కూలి రేటు ఇంత పెరిగింది" అని అందరూ రోజు లెక్క చెబుతారు. ఏడాదికి ఇంటికొచ్చింది ఎంతో చెప్పరు. మిషన్ కోస్తే గడ్డి ముక్కలై పనికిరాదు, గేదెల్ని అమ్మేసినవాళ్ళున్నారు మా పేటలో. పాలు కూడా పోయాయి. ఇది ఏ లెక్కలో వేస్తారు మాస్టారూ?

లెక్కల మాస్టారు

నా లెక్కలో లేదమ్మా. ఉండాల్సింది.

కోనసీమ కుర్రాడు

ఇదంతా చదివి నిన్న రాత్రి మావయ్యకి ఫోన్ చేశాను. గంట సేపు. 359 రూపాయల లెక్క ఆయనకి బాగా నచ్చింది, "ఆ మాస్టారు ఎవర్రా, మనూరు రమ్మను" అన్నాడు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఎగుమతులు తెరిచిన సంగతి ఆయనకి ఇంకా గుర్తుంది, బూతు కలిపి గుర్తుచేసుకున్నాడు. 2022లో మా కోనసీమలో మళ్ళీ పంట విరామం మాట వచ్చినప్పుడు అందరూ మొత్తుకున్నది మురుగు కాలవల గురించి, రావాల్సిన ధాన్యం డబ్బుల గురించి అని ఆయనే ఒప్పుకున్నాడు. కూలి మాట అప్పుడు ఎవరూ పెద్దగా ఎత్తలేదట.

కౌలు సంగతి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "కౌలు తగ్గిస్తే నీ మరదలి కాలేజీ ఫీజు నువ్వు కడతావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, మళ్ళీ.

పెట్టేసేముందు, "ఆ ఊడ్పులామె కూతురిది ఏ ఊరో కనుక్కో, సార్వాకి మనుషులు దొరుకుతారేమో" అన్నాడు. ఆయన చెప్పమన్నాడు కాబట్టి రాస్తున్నాను, ఏమనుకోకండి.

ఊడ్పులామె కూతురు

ఏమీ అనుకోనండి. అమ్మ మోకాళ్ళు పోయాయి, రెండేళ్ళుగా పొలంలోకి దిగడం లేదు. మా వదిన వాళ్ళ ముఠా ఉంది, పన్నెండు మంది. రేటు ముందే మాట్లాడుకోవాలని, ఆటో ఖర్చు ఆయనే పెట్టుకోవాలని చెప్పమంది.